నది ఒడ్డున పక్కవాద్యం

పెయ్ లాన్‌కి కాలు నిలవదు. అన్నం తింటున్నా, బస్సు కోసం నిలబడ్డా మోకాలు ఊగుతూనే ఉంటుంది. ఆఖరికి నిద్రలో కూడా ఊగుతుందని వాళ్ళమ్మ విసుక్కునేది. పదహారేళ్ళ పిల్ల. తియాన్‌జిన్‌లో నాటక పాటలు నేర్పే బడిలో జింగ్‌హు వాయిస్తుంది. పొట్టి వెదురు గొట్టానికి పాము చర్మం బిగించి, రెండు తీగలు కట్టి, కమానుతో లాగి వాయించే చిన్న వాద్యం అది. దాని గొంతు మహా కీచు. కొత్తవాళ్ళ చేతిలో పిల్లి అరుపులా ఉంటుంది కానీ ఆమె చేతిలో మాత్రం చెప్పినమాట వినేది. పోటీల కోసం నేర్చుకున్న ముక్కలు ఆమె వాయిస్తుంటే పక్క గదిలో పిల్లలు సాధన ఆపి తలుపు దగ్గరికి వచ్చేవారు.

అయితే జింగ్‌హు అసలు ఒంటరిగా వాయించుకునే వాద్యం కాదు. పాడేవాళ్ళ పక్కన కూర్చుని వాయించేది. శీతాకాలం సెలవుల ముందు జరిగిన పరీక్షలో వెయ్ అనే అమ్మాయి పాడుతుంటే పెయ్ లాన్ పక్కవాద్యం. పాట మధ్యలో వెయ్‌కి ఊపిరి చాలక ఆగింది. పెయ్ లాన్ ఆగలేదు. పాట ఒక చోట, వాద్యం ఒక చోట ముగిశాయి. వెయ్ ఏడ్చింది. తప్పెవరిదని గావ్ గురువుగారు అడిగితే, ఊపిరి పట్టలేకపోయింది వెయ్ కదా అని పెయ్ లాన్ తడుముకోకుండా చెప్పింది.

ఆయన కోప్పడలేదు. వసంతంలో బడి తరఫున పెద్ద రంగస్థలం మీద ప్రదర్శన ఉంది. పిల్లల్లోంచి ఒకే ఒక్క జింగ్‌హుని తీసుకుంటారు. ఎంపిక సెలవుల చివర్లో. ఆ లోపల రోజూ పొద్దున్నే నది ఒడ్డు మండపానికి వెళ్ళి, అక్కడ పాడుకునే పెద్దవాళ్ళకి వాయించి రమ్మన్నారు గురువుగారు. ఎంపికకి సాధన ఎప్పుడు చేసుకోవాలని ఆమె గింజుకుంది.

"అదే సాధన," అన్నారాయన. "అక్కడ నువ్వు ఎంచుకోకూడదు. ఎవరు లేచి పాడితే వాళ్ళకి వాయించు. వాళ్ళు చాలన్నాకే లేచి రా."

నది గడ్డకట్టి ఉంది. మంచులో కన్నాలు పెట్టి ముసలివాళ్ళు గాలాలు వేసుకుని కూర్చున్నారు. మండపం గోడల్లేనిది, పైకప్పు తప్ప గాలికి అడ్డేమీ లేదు. పది పన్నెండు మంది దళసరి కోట్లలో, వేడినీళ్ళ ఫ్లాస్కులు బెంచీ కింద వరసగా పెట్టుకుని ఆమెకోసమే చూస్తున్నారు. వాళ్ళకి ఇన్నాళ్ళూ వాయించినాయన మోకాళ్ళ నొప్పులతో కూతురి ఊరికి వెళ్ళిపోయాడట.

అందరికీ పెద్ద దువాన్ అక్క. డెబ్బై దాటింది, ఆ ఊళ్ళో ఎంత ముసలమ్మనైనా అక్కా అనే పిలవాలి. ఒకప్పుడు బస్సులో కండక్టరు. ఇప్పుడు మండపంలో చిన్న డోలు, తాళపు చెక్కలు ఆవిడ చేతిలో. ఆవిడ కొట్టనిదే ఎవరి పాటా బయల్దేరదు.

"గావ్ పంపిన పిల్లవి నువ్వేనా?" అంది పైనుంచి కిందికి చూసి. "కమాను పట్టుకోవడం వచ్చా, పట్టుకుని పరిగెత్తడమే వచ్చా?"

పెయ్ లాన్ శ్రుతి చేసుకుంది. వేళ్ళు కొయ్యబారి ఉన్నాయి. మొదట లేచినావిడ శ్రుతి ఎక్కువైందంది. తగ్గిస్తే, మరీ పాతాళంలో పాడించకమ్మా అంది. తరవాత ఒక దర్జీ రాణిగారి విరహం పాడుతూ మాటలు మరిచిపోయి, నోటికొచ్చిన క్యాబేజీ, ముల్లంగి కలిపి చరణం నింపేశాడు. తప్పు దొర్లిన చోటల్లా చుట్టూ ఉన్నవాళ్ళు "భేష్, భేష్" అని దీర్ఘం తీసి వెక్కిరిస్తారు. పాడేవాళ్ళు తిరిగి ఓ తిట్టు తిట్టి కొనసాగిస్తారు. ఎవరికీ సిగ్గు లేదు. పెయ్ లాన్‌కే ఒళ్ళంతా చీమలు పాకుతున్నట్టుంది.

ఆఖర్న హౌ పెద్దనాన్న లేచాడు. పొడుగాటి మనిషి, ఎర్రటి ఉన్ని మఫ్లర్, మాటకి ముందు చిన్న నవ్వు. ఓడిపోయి కోటకి తిరిగొస్తున్న సేనాపతి పాట ఆయనది. ఆ పాట తీరే వేరు. వాద్యం గబగబా నడుస్తుంటుంది, గొంతు మాత్రం దాని మీద నింపాదిగా సాగుతుంది. చరణానికీ చరణానికీ మధ్య చిన్న వాద్యపు ముక్క ఉంటుంది. పాడేవాడు అందుకునేదాకా దాన్నే తిప్పి తిప్పి వాయిస్తూ ఉండాలి. మంచి పాటగాడు ఒకటి రెండు చుట్లలో అందుకుంటాడు. హౌ పెద్దనాన్న అందుకోడు. చూపు ఆమె చేతి మీద నిలిపి, నోరు సగం తెరిచి నిలబడతాడు. పెయ్ లాన్ గానుగెద్దులా అదే ముక్కని తిప్పుతూ ఉంటుంది. ఇక పాడడేమో అనుకునే సరికి గొంతు లేస్తుంది, అదీ అర అంగుళం ఆలస్యంగా. చివరి మాట ముందు మళ్ళీ ఆగుతాడు.

పాట అయ్యాక ఆయన వంగి, "ఎక్కడికైనా వెళ్ళాలా తల్లీ? కాలు అలా ఊగుతోంది," అన్నాడు. అందరూ నవ్వారు.

అలాగే రోజులు గడిచాయి. పొద్దున మండపం, మధ్యాహ్నం ఇంట్లో ఎంపిక కోసం సాధన. ఆ సాధనలో ఉన్నంతసేపూ మండపంలో పోగొట్టుకున్న పొద్దు గుర్తొచ్చేది. మండపంలో ఉన్నంతసేపూ కాలు కాలిన పిల్లిలా ఉండేది. తనతో పోటీపడే కుర్రాడు ఈపాటికి ఎన్నిసార్లు వాయించుకుని ఉంటాడో అని లెక్క. క్యాబేజీ దర్జీకి వాయిస్తే పెద్ద రంగస్థలం ఎలా దగ్గరవుతుందో ఆమెకి అర్థం కాలేదు.

ఒక పొద్దున బడి పిల్లలు నలుగురు ఆ దారినే వచ్చి, ఆమెని చూసి మండపం పక్కన ఆగారు. వాళ్ళలో వెయ్ కూడా ఉంది. సరిగ్గా అప్పుడే హౌ పెద్దనాన్న వంతు. పెయ్ లాన్‌కి చెవులు వేడెక్కాయి. మధ్య ముక్క ఒక చుట్టు తిరిగింది, రెండో చుట్టు తిరిగింది, ఆయన నోరు సగం తెరిచే ఉన్నాడు. ఇలా ఎద్దులా తిరుగుతూ వాళ్ళకి కనపడలేననుకుంది. మూడో చుట్టులో పోటీ ముక్కలోంచి ఒక గమకాల గుత్తి తీసి దూర్చింది. వేగం పెంచింది. వేళ్ళు వాటంతట అవే పరిగెత్తాయి. చుట్టూ జనం నిజంగానే అరిచారు, ఈసారి వెక్కిరింత కాదు. గాలం వేసేవాళ్ళు కూడా తల తిప్పి చూశారు. హౌ పెద్దనాన్న ఒకసారి అందుకోబోయి ఆగాడు. మళ్ళీ అందుకుని తప్పాడు. అప్పుడు మాత్రం వెనకనుంచి ఎవరో కొత్తవాడు "భేష్" అని దీర్ఘం తీశాడు.

ఆయనకి నవ్వుతున్న మొహాలు కనపడ్డాయి. తనూ చిన్నగా నవ్వి, ఆమెకి తల వంచి, మఫ్లర్ చుట్టుకుని, ఫ్లాస్కు తీసుకుని మెట్లు దిగిపోయాడు.

దువాన్ అక్క తాళపు చెక్కలు డోలు మీద పెట్టేసింది. "ఇవాళ్టికి చాలు," అంది. పెయ్ లాన్ వైపు చూడలేదు.

మర్నాడు హౌ పెద్దనాన్న రాలేదు. మిగిలినవాళ్ళు వచ్చారు గానీ పాడలేదు. ఒకావిడ గొంతు నొప్పంది. దర్జీకి జలుబు. ఒకాయన టేపు రికార్డరు తెచ్చి, దానికి పాడుకున్నాడు. ఎవరూ ఆమెని తిట్టలేదు. వేడినీళ్ళు పోసి ఇచ్చారు, గాలి తగలకుండా జరిగి చోటిచ్చారు. జింగ్‌హు ఒళ్ళో పెట్టుకుని పొద్దంతా ఊరికే కూర్చుంది. ఆ మర్నాడూ అంతే, ఆపై రోజూ అంతే. గురువుగారి దగ్గరికి వెళ్ళి తనని ఇక విడిచిపెట్టమని అడిగింది. వాళ్ళు పంపించేశారా అని ఆయన అడిగారు. లేదంది. అయితే నన్నెందుకు అడుగుతావన్నారు.

తిట్టినా బాగుండేది. నాలుగో పొద్దున ఆమె ఆగలేక, పెద్దనాన్న ఇల్లెక్కడని దువాన్ అక్కని అడిగింది.

"ఇంటికెళ్తే దొరకడు," అంది దువాన్ అక్క ముభావంగా. "మధ్యాహ్నాలు స్నానాల ఇంట్లో ఉంటాడు. ఉద్యోగమంతా అక్కడే బాయిలర్ దగ్గర చేశాడు. ఇప్పుడూ వదల్లేడు."

ఊళ్ళోవాళ్ళు డబ్బిచ్చి వేడినీళ్ళ స్నానం చేసే ఆ ఇల్లు వంతెన వెనక సందులో ఉంది. మగవాళ్ళ వైపు గుమ్మానికి దళసరి బొంత తెర. తెర ఎత్తినప్పుడల్లా ఆవిరి గుప్పున వచ్చేది. పెయ్ లాన్ ఎదుటి గోడ దగ్గర అటూ ఇటూ పచార్లు చేసింది. క్షమించమని అడగడానికి ఒక వాక్యం సిద్ధం చేసుకుంది. అది బాగాలేదని ఇంకొకటి. ఇంత పెద్ద మనిషి ఒక్క పాటకి అలగడమేమిటని మధ్యలో కోపం కూడా వచ్చింది. ఆయన బయటికొచ్చేసరికి పొద్దు వాలుతోంది. మొహం ఎర్రగా ఉంది, తడి జుట్టు మీద టోపీ.

పెద్దనాన్నా అని పిలిచింది. ఆయన తిరగలేదు. ఇంకాస్త గట్టిగా పిలిచింది. సాగిపోయాడు. ఇదంతా కావాలనే అనుకుని, ఉక్రోషంతో పరిగెత్తి ఎదురుగా నిలబడింది. ఆయన ఉలిక్కిపడ్డాడు.

"నువ్వా తల్లీ? ఎప్పట్నించి ఉన్నావు, ముక్కు కందిపోయింది."

"రెండుసార్లు పిలిచాను."

ఆయన సంచీలోంచి పచ్చ ముల్లంగి తీశాడు. స్నానం తరవాత అందరూ తినేదే. చాకుతో ఒక ముక్క కోసి ఆమె చేతిలో పెట్టాడు. గోడ వారకి తీసుకెళ్ళి, తన ఎడమ పక్కన నిలబెట్టుకున్నాడు.

"కుడి చెవి బాయిలర్ తినేసింది," అన్నాడు. "ఎడమది ఉందనుకో. గాలి వీస్తే అదీ సగమే."

పెయ్ లాన్ నోట్లో ముల్లంగి అలాగే ఉండిపోయింది. మరి పాటెలా పాడుతున్నావని అడిగింది.

"చూసి పాడతాను. మధ్య ముక్క ఆఖర్న కమాను ఒక్కటి పొడుగ్గా లాగుతారు కదా, అది కనపడగానే అందుకుంటాను. ఇదివరకటాయన చెయ్యి బారెడు చాపేవాడు, నది అవతలికి కూడా కనపడేది. నీకు మణికట్టు తప్ప ఏదీ కదలదు. ఎప్పుడు లాగావో, ఎప్పుడు ఊరుకున్నావో తెలిసి చావదు."

మణికట్టు తప్ప ఏదీ కదలకుండా వాయించడానికి ఆమెకి ఐదేళ్ళు పట్టింది. మోచెయ్యి కదిలితే గురువుగారు స్కేలు పెట్టి కొట్టేవారు.

"మండపంలో వాళ్ళకి చెప్పకు," అన్నాడాయన. "పాడనివ్వరని కాదు. పాడనిస్తారు. కానీ జాలిగా వింటారు. వాళ్ళు వెక్కిరిస్తేనే నాకు బాగుంటుంది."

మర్నాడు ఆయన వచ్చాడు. పెయ్ లాన్ తన స్టూలు తీసి మండపం రెండో వైపు, ఆయన ఎడమ చేతి పక్కన వేసుకుంది. నది గాలి సూటిగా మొహం మీదికి కొట్టే చోటు అది. అక్కడెందుకని అడిగారు. ఇక్కడ వెలుతురు బాగుందంది. సేనాపతి పాట మొదలైంది. మధ్య ముక్క చివర ఆమె మోచెయ్యి ఎత్తి, కమాను ఈ చివర నుంచి ఆ చివరకి బారుగా లాగింది. ఆయన ఠక్కున అందుకున్నాడు. శ్రుతి తప్పడం మాత్రం షరా మామూలే.

ఆ రోజునించి అందరూ మళ్ళీ పాడారు. దర్జీ జలుబు తగ్గింది. కాకపోతే వేళాకోళమంతా ఇప్పుడు ఆమె మీదే. దుప్పట్లు ఉతుకుతున్నావా అని ఒకరు, పడవ నడుపుతున్నావా అని ఒకరు. ఆ మోచెయ్యి తగిలి ఉన్న నాలుగు పళ్ళూ ఊడేట్టున్నాయని దువాన్ అక్క స్టూలు దూరం జరుపుకుంది. పెయ్ లాన్ పళ్ళ బిగువున ఊరుకుంది. మాట చెప్పకూడదు. ఆమె నోరు ఆమెకి బరువైన రోజులవి. ఒకటి మాత్రం జరిగింది. పెద్దనాన్న ఊపిరి తీసుకునే ముందు ఆయన ఎడమ భుజం కొద్దిగా లేస్తుందని కనిపెట్టింది. తరవాత మిగిలినవాళ్ళ భుజాలూ, గొంతులూ, కంగారుపడ్డప్పుడు దర్జీ నొక్కుకునే బొటనవేలూ కంటపడటం మొదలుపెట్టాయి. చూస్తున్నంతసేపు కాస్త కుదురుగానే ఉండేది. పాట అయిపోగానే మళ్ళీ కాలు మొదలయ్యేది.

ఎంపిక రోజున పై తరగతి కుర్రాడు పాడాడు. గొంతున్నవాడే గానీ భయంతో రెండుచోట్ల తడబడ్డాడు. రెండుచోట్లా పెయ్ లాన్ అతనితోపాటు ఆగి, అతనితోపాటే కదిలింది. అయితే మధ్య ముక్క వచ్చిన ప్రతిసారీ మోచెయ్యి దానంతటది బారుగా లేచింది. తను లేపుతున్నట్టు కూడా ఆమెకి తెలియలేదు. బయటినుంచి వచ్చిన పరీక్షకుడొకాయన, ఈ అమ్మాయి కర్రలు కోసే కార్ఖానాలో నేర్చుకుందా అని పక్కాయన చెవిలో అనడం అందరికీ వినపడింది. ఆమెతో పోటీపడ్డ కుర్రాణ్ణి తీసుకున్నారు.

గావ్ గురువుగారు నడవలో ఆమెని ఆపారు.

"వినడం నేర్చుకోమని పంపితే చేతులు ఊపడం నేర్చుకొచ్చావు," అన్నారు. "పాటగాణ్ణి వదిలిపెట్టలేదు, అది నేను చూశాను. కానీ వాళ్ళు చూసింది మోచెయ్యి," అన్నారు.

చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. చెప్పలేదు. ఆ రాత్రి అన్నం తినకుండా పడుకుంది.

తెల్లారి మండపానికి ఎందుకు వెళ్ళిందో ఆమెకే తెలియదు. ఇక రానని చెప్పడానికనుకుంది దారి పొడుగునా. నది మీద మంచు పలచబడి, గాలాలవాళ్ళు ఒడ్డుకి దగ్గరగా జరిగారు. ఆమె మెట్లెక్కేసరికి హౌ పెద్దనాన్న ముందే లేచి నిలబడి ఉన్నాడు. జింగ్‌హు తీసి, మోచెయ్యి పక్కటెముకలకి బిగించి, మణికట్టుతోనే మొదలుపెట్టింది. ఐదేళ్ళు నేర్చుకున్నట్టుగా, శుభ్రంగా. మధ్య ముక్క తిరిగింది. ఆయన చూపు ఆమె చేతి మీద వెతుకుతోంది. మరో చుట్టు తిరిగింది. ఆయన భుజం లేచి, మళ్ళీ దిగింది. దువాన్ అక్క చెక్కలు కొడుతూనే ఆమె వైపు చూసింది. పెయ్ లాన్ చెయ్యి వదిలేసింది. కమాను బారుగా వెళ్ళింది, ఆయన అందుకున్నాడు.

పాటయ్యాక, ఎంపిక ఏమైందని దువాన్ అక్క అడిగింది. పెయ్ లాన్ చెప్పింది.

"ఆ మోచెయ్యే ముంచింది," అంది దువాన్ అక్క. "మొదటిరోజు ఎంత ముచ్చటగా పట్టావు కమాను. నెత్తీ నోరూ కొట్టుకున్నాను, వింటేనా."

హౌ పెద్దనాన్న ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, ఏమైందని పక్కనున్న దర్జీని అడిగాడు. దర్జీ ఆయన ఎడమ చెవి దగ్గర గట్టిగా చెప్పాడు. పెద్దనాన్న మొహంలో నవ్వు పోయింది. మఫ్లర్ విప్పి చేతిలో పట్టుకున్నాడు.

"ఆ పిల్లనేమీ అనకండి," అన్నాడు. "నాకు చెవులు లేవు. కమాను కనపడాలని నేనే చెయ్యి చాపమన్నాను. మీకు చెప్పొద్దని ఒట్టు కూడా పెట్టించుకున్నట్టే."

దర్జీ దగ్గు లాంటిదొకటి వదిలాడు. పక్కావిడ నోటికి చేతిరుమాలు అడ్డం పెట్టుకుంది.

"నీకు చెవుడని వంతెన అవతలివాళ్ళకి కూడా తెలుసురా నాయనా," అంది దువాన్ అక్క. "నువ్వు గుసగుసలాడితే చేపలు పారిపోతాయి. లేకపోతే ఇన్నేళ్ళు నీ ఎడం పక్కనే ఎందుకు కూర్చుంటాడు ఈ దర్జీ?"

హౌ పెద్దనాన్నకి అది సగమే వినపడింది. దర్జీ మళ్ళీ చెప్పాడు. ఆయన అందరినీ ఒక్కొక్కరినీ చూశాడు, తన దగ్గర ఏదో దొంగిలించిన మనుషుల్ని చూసినట్టు. తరవాత మెల్లగా కూర్చుని, తన ఫ్లాస్కు మూత తీసి, తాగకుండా మళ్ళీ పెట్టేశాడు.

పెయ్ లాన్‌కి మాత్రం ఒళ్ళు మండింది. "మరి నాకెందుకు చెప్పలేదు?" అంది.

దువాన్ అక్క నిజంగానే ఆశ్చర్యపోయింది. "నీకూ తెలుసనుకున్నాం. ఆయన పక్కన అన్ని రోజులు కూర్చున్నావు. తెలిసే ఆ రోజు వేగం పెంచి ఆడించావనుకున్నాం. లేకపోతే ముసలి ముండలం, ఎవరం నీకు పాడకుండా ఉండగలం?"

వాళ్ళంతా పెయ్ లాన్ గురించి అన్నాళ్ళు అలా అనుకున్నారు. అనుకుంటూనే వేడినీళ్ళు పోసి ఇచ్చారు. ఏడవాలో నవ్వాలో తెలియక జింగ్‌హు తీగలు ఊరికే సవరించింది. ఎంపిక పోయిన బాధ పోలేదు. ఇప్పుడు దానికి తోడు ఇంకోటి చేరింది, దానికి పేరు తెలియలేదు.

ఎవరో క్యాబేజీ ధర గురించి మొదలుపెట్టారు. మాటలు అటు మళ్ళాయి. అప్పుడు హౌ పెద్దనాన్న లేచి, ఇంకొకటి పాడతానన్నాడు. యువకుడిగా ఉన్నప్పుడు పాడేవాడట, చెవులు పోయాక వదిలేశాడట. ఆ పాటకి ముందు వాద్యం ఉండదు, గొంతే మొదలుపెట్టాలి, వాద్యం వెనకనుంచి వచ్చి కలవాలి. ఏ శ్రుతిలో మొదలవుతుందో తనకే తెలియదన్నాడు. పెయ్ లాన్‌కి ఆ పాట రాదు. రాదని చెప్పింది. ఆయనకి వినపడలేదో, వినపడనట్టు ఊరుకున్నాడో, కళ్ళు మూసుకున్నాడు.

ఇప్పుడు చూడటానికి ఆయనకి కమాను లేదు. అందుకోవడానికి ఆమెకి ముక్క లేదు. పెయ్ లాన్ స్టూలు ముందుకి జరుపుకుని ఆయన ఎడమ భుజం చూస్తూ కూర్చుంది. భుజం లేచింది. గొంతు బయటికొచ్చింది, బొంగురుగా, ఆమె తీగలకీ మరే తీగలకీ చెందని ఒక స్వరంలో. ఆమె వేళ్ళు చప్పుడు లేకుండా తీగ మీద పైకీ కిందకీ పాకాయి. ఆయన మొదటి పాదం అయింది. వెనక ఇంకా క్యాబేజీ బేరమే నడుస్తోంది. రెండో పాదం అయింది. మూడో పాదంలో ఆ స్వరం చిటికెనవేలి కింద దొరికింది. ఆయన ఊపిరి తీసుకునేదాకా ఆగి, కమాను కదిపింది.